బ్రెడ్డులో చుట్టిన ఐస్‌క్రీం

శ్రోతలందరికీ నమస్కారం. సింగపూర్‌లో ఐస్‌క్రీంని బ్రెడ్డులో పెట్టుకుని తింటారని మా అక్క ఫోన్లో చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, పగలబడి నవ్వాను. బ్రెడ్డు జ్వరమొచ్చినప్పుడు పాలల్లో ముంచుకునేదని కదా మన లెక్క!

పోయిన వేసవి సెలవులకి నేను, మా ఆయన, మా బాబు, అమ్మ కలిసి అక్కావాళ్లింట్లో రెండు వారాలున్నాం. ఎండల గురించి హైదరాబాదు వాళ్లకి కొత్తగా చెప్పాలా, మనం మే నెలలో 42 చూసినవాళ్లం, అక్కడ 32 దాటితే గొప్ప అనుకుంటూ ధీమాగా దిగాను. విమానాశ్రయం బయటికి అడుగు పెట్టగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు మొహానికి ఆవిరి కొట్టింది. భూమధ్యరేఖ అక్కడికి దాదాపు 150 కిలోమీటర్లే, చుట్టూ సముద్రం, ఇక ఆ ఉక్కపోత సంగతి మీరే ఊహించుకోండి.

మొదటిరోజే బాబుకి ఒక మాల్‌లో కోన్ ఐస్‌క్రీం కొనిచ్చాం. లోపల ఏసీలో బుద్ధిగా ఉంది, బయటికొచ్చి సిగ్నల్ దగ్గర నిలబడ్డామో లేదో మోచేతి దాకా కారిపోయింది. 42 డిగ్రీల్లో కూడా ఇంత త్వరగా కరగదు కదా అని నాకు ఆశ్చర్యం. బావగారు నవ్వి, అసలు దొంగ ఎండ కాదమ్మా, గాల్లో తేమ అన్నారు. చల్లటి నీళ్ల చెంబుకి చెమట పట్టినట్టే ఐస్‌క్రీం మీదా గాల్లోని ఆవిరి నీరై కూర్చుంటుంది. అలా మారేటప్పుడు ఒక్కో గ్రాము ఆవిరి 540 క్యాలరీలకు పైగా వేడిని వదులుతుంది, ఒక గ్రాము మంచు కరగడానికేమో 80 క్యాలరీలు చాలు. అంటే పైన ఒక చుక్క పట్టిందంటే కింద ఆరేడు చుక్కలు కరిగినట్టే. మన పొడి వేడిలో, నీడన నిలబడి తింటే, ఈ బాధ తక్కువ.

రెండు రోజుల తర్వాత ఆర్చర్డ్ రోడ్డుకి వెళ్లాం. పెద్ద పెద్ద షాపుల ముందు ఒక గొడుగు, దాని కింద మోటార్‌సైకిల్‌కి తగిలించిన డబ్బా బండి, పక్కన డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన. అక్కడ ఇలాంటివాళ్లని అందరూ అంకుల్ అనే పిలుస్తారు, మనలాగే. వీధుల్లో అమ్మేవాళ్లని 1970, 80లలో ప్రభుత్వం హాకర్ సెంటర్లలోకి, అంటే తిండి అంగళ్లన్నీ ఒకేచోట ఉండేలా కట్టిన చోట్లకి, మార్చేసింది, అందుకే రోడ్డు మీద ఇలాంటి బండి కనబడితే కాస్త అబ్బురంగానే ఉంటుంది. ఆయన డబ్బాలోంచి ఇటుకలా ఉన్న ఐస్‌క్రీం తీసి, అట్ట విప్పి, కత్తితో టక్కున ఒక ముక్క కోసి, గులాబీ, ఆకుపచ్చ రంగులు కలిసిన బ్రెడ్డు స్లైసులో మడిచి చేతిలో పెట్టాడు. పది సెకన్లు పట్టలేదు.

తిన్నాక నా నవ్వు వెనక్కి తీసుకున్నాను. కరిగిందంతా బ్రెడ్డు పీల్చేసుకుంటుంది, చేతికి చుక్క అంటదు, పైగా తడిగాలి నేరుగా ఐస్‌క్రీంకి తగలదు. ఆ ఊరి వాతావరణానికి కోన్ కంటే ఇదే సరైన ఏర్పాటు అని నా అభిప్రాయం.

అమ్మ సంగతి వేరు. బండి మీది బొమ్మ చూసి పనసపండు అనుకుని డూరియన్ చూపించింది, అది ఘాటైన వాసన కొట్టే ముళ్ల పండు. అంకుల్ వద్దన్నట్టు చెయ్యి ఊపినా వినలేదు. మొదటి కొరుకుకి ఆముదం తాగిన మొహం పెట్టింది, డబ్బులు పోశాం కదా అని రెండోది కొరికింది, ఆ తర్వాత ఇంకెవరికీ పెట్టలేదు!

ఇంతలో ఆలస్యమవుతోందని మెట్రో స్టేషన్ వైపు పరిగెత్తాం. లోపల ఏం తిన్నా 500 డాలర్ల వరకు జరిమానా అని బోర్డు. పక్కనే డూరియన్ పండు తేకూడదని ఇంకో బొమ్మ. బాబు అమ్మమ్మ చేతిలోది చూసి, "అమ్మమ్మా, నీకు రెండు జరిమానాలు" అన్నాడు. ఇక గోడ పక్కన వరసగా నిలబడి, పరీక్ష హాల్లో చివరి బెల్లు కొట్టినప్పుడు రాసినట్టు, ఐదుగురం గబగబా మింగాం. బావగారు మాత్రం ఏమీ కొనుక్కోకుండా టిష్యూలు పట్టుకుని నిలబడ్డారు, అనుభవజ్ఞుడు.

లిటిల్ ఇండియాకి వెళ్లినప్పుడు ఐస్ కచాంగ్ తిన్నాం. తురిమిన మంచు మీద రంగు పాకాలు, కింద ఎర్ర చిక్కుడు గింజలు, మొక్కజొన్న, జెల్లీ, వాటి మధ్య తెల్లగా జారిపోయే గింజలు. అమ్మ ఒకటి చెంచాతో పైకెత్తి "ఇవి ముంజలు కదే!" అంది. అచ్చంగా అవి కావు, మడ అడవుల్లో పెరిగే నీపా అనే తాటిజాతి చెట్టు కాయల లేత గింజలు, కానీ నోట్లో ముంజలాగే ఉంటాయి. గిన్నెలో ఎన్ని ఉన్నాయో వెతికి వెతికి తిన్నది.

మొన్న ఆదివారం ఇంట్లో మా బాబు వెనిలా ఐస్‌క్రీం ఇటుక కత్తితో కోసి, మామూలు మిల్క్ బ్రెడ్డులో పెట్టి వాళ్ల అమ్మమ్మకిచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "రంగు బ్రెడ్డు దొరకలేదట్రా?" అంది.