ఎం.ఎడ్. పరిశోధన: ఒక ప్రశ్నను పట్టుకుని ఫలితం దాకా నడవడం

నమస్కారం. ఎం.ఎడ్. విద్యార్థులు తమ డిసర్టేషన్‌ను, అంటే పరిశోధన వ్యాసాన్ని, ఎలా రూపొందించుకోవాలో, ఎలా నిర్వహించాలో ఈ వీడియోలో ఒకే ఒక ఉదాహరణ ద్వారా వివరిస్తాను. ఉపాధ్యాయ విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల తరువాత ఈ కోర్సు రెండేళ్లది అయింది. కాబట్టి సమయం సరిపోతుందనే అనిపిస్తుంది. కానీ అంశం తేల్చుకోవడానికే నెలలు గడిచిపోవడం, చివరికి ప్రశ్నావళి పంచి వచ్చిన అంకెలను పట్టికల్లో పెట్టడం తరచుగా జరుగుతున్నాయి. ఫలానా పథకం పట్ల ఉపాధ్యాయుల వైఖరి ఏమిటి, అందులో స్త్రీ పురుషులకూ గ్రామీణ పట్టణ ప్రాంతాలకూ తేడా ఉందా అనే పద్ధతిలో వచ్చే అధ్యయనాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ జవాబు తెలిసిన ఉపాధ్యాయుడు మరునాడు తరగతి గదిలో ఏమి మార్చుకోగలడు అని అడిగితే, వాటిలో చాలావాటికి సమాధానం దొరకదు. పరిశోధన అంశాన్ని ఎంచుకునేటప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

మన ఉదాహరణకు వద్దాం. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డా ధారాళంగా చదవగలగాలి అనే లక్ష్యంతో 2021 జూలైలో నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం అదే దిశగా వచ్చింది. కాబట్టి పఠనం మీద పని చేయాలని మీకు అనిపించింది అనుకుందాం. ‘ప్రాథమిక పాఠశాల విద్యార్థుల పఠన సామర్థ్యం – ఒక అధ్యయనం’ అని శీర్షిక పెడితే అది విషయం అవుతుంది కానీ ప్రశ్న కాదు. దానిని ఇలా కుదిద్దాం: మూడో తరగతి పిల్లలు ద్విత్వాక్షరాలున్న పదాల కంటే సంయుక్తాక్షరాలున్న పదాలను చదవడంలో ఎక్కువ తడబడతారా, తడబడితే ఏ రకమైన తప్పులు చేస్తారు? ద్విత్వం అంటే ఒక హల్లుకు అదే హల్లు ఒత్తుగా రావడం, సంయుక్తం అంటే వేరొక హల్లు ఒత్తుగా రావడం. ఈ ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబు కూడా రావచ్చు. అలా రాగలిగినదే పరీక్షకు నిలిచే ప్రశ్న.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీని దగ్గర కొంతసేపు ఆగుదాం. అమ్మ, బువ్వ, గిన్నె, కుక్క వంటి ద్విత్వ పదాలు ఇంట్లో రోజూ వినిపించేవి. సంయుక్తాక్షరాలు ఏరమంటే మనకు వెంటనే తోచేవి పద్మం, యుక్తి, మిత్రత్వం వంటి పుస్తకాల మాటలు. ఈ రెండు జాబితాలను అలాగే పిల్లల ముందు పెడితే, వారు తడబడింది ఒత్తు వల్లనా, ఆ మాటే ఎప్పుడూ వినకపోవడం వల్లనా అన్నది తేల్చలేం. ఒక కారణం వెనుక మరొక కారణం దాగి ఉండడం అంటే ఇదే. దీన్ని విప్పడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, చెట్లు, గుడ్లు, కుర్చీ, బస్తా, రాత్రి వంటి పిల్లలకు తెలిసిన సంయుక్త పదాలనే ఎంచుకుని, అక్షరాల సంఖ్యలోనూ గుణింతాలలోనూ వాటికి దగ్గరగా ఉండే ద్విత్వ పదాలను జతచేయడం. రెండోది, ‘లిక్కు’, ‘లిస్కు’ వంటి అర్థం లేని జంటలను తయారుచేయడం. అర్థం లేదు కాబట్టి బిడ్డ ఊహించి చెప్పే వీలు ఉండదు, లిపిని విప్పి చదవవలసిందే. రెండు మార్గాలనూ కలిపి వాడితే మీ సాధనం, అంటే పిల్లల చేత చదివించే పదాల జాబితా, బలపడుతుంది. స్త్రీ, వస్త్రం, రాష్ట్రం వంటి, మూడు హల్లులు కలిసిన సంశ్లేషాక్షర పదాలను ఈ అధ్యయనంలోకి తీసుకురాకండి. పరిధి పెరిగితే పని పలచబడుతుంది.

పూర్వ పరిశోధనల సమీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నిర్వహించే శోధ్‌గంగా వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ముందుమాట కంటే సాధనం నిర్మించిన అధ్యాయాన్నీ అనుబంధాలనూ ముందు చదవండి. ఒక్కొక్క అధ్యయనానికి ఒక్కొక్క పేరా చొప్పున వరుసగా పేర్చడం సమీక్ష కాదు. ఎవరు ఏ విషయంలో ఏకీభవించారు, ఎక్కడ విభేదించారు, ఎవరూ చూడనిది ఏమిటి అన్నది తేలాలి. ఇతరుల వాక్యాలను యథాతథంగా ఎత్తిరాయవద్దని వేరుగా చెప్పనక్కరలేదు. 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలిక పది శాతం దాటితే చర్యలు తప్పవు.

ఇప్పుడు పిల్లల ఎంపిక. మండలంలోని ప్రాథమిక పాఠశాలల జాబితాను యూడైస్ కోడ్‌లతో (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్యలతో) సహా తీసుకుని లాటరీ పద్ధతిలో ఎంచుకోండి. ఇంటికి దగ్గరగా ఉన్న బడులనే తీసుకుంటే ఆ మాట నివేదికలో దాచకుండా రాయండి. మరొక సంగతి చాలా డిసర్టేషన్లలో కనిపించదు. ఒకే బడిలో, ఒకే ఉపాధ్యాయుని వద్ద చదివే పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు కాబట్టి, వారు పూర్తిగా విడివిడి సాక్ష్యాలు కారు. తెరపై ఉన్న లెక్కను చూడండి. బడికి 20 మంది చొప్పున 20 బడులలో 400 మందిని తీసుకున్నారనీ, ఒకే బడి పిల్లల మధ్య పోలికను సూచించే గుణకం 0.2 అనీ అనుకుందాం. ఒకటికి, 20లో ఒకటి తీసేయగా మిగిలిన 19ని 0.2తో గుణించగా వచ్చిన 3.8ని కలిపితే 4.8 వస్తుంది. 400ను 4.8తో భాగిస్తే దాదాపు 83. అంటే పిల్లల సగటు స్థాయిని అంచనా వేసేటప్పుడు మీ 400 మంది, విడివిడిగా ఎంచుకున్న 83 మందితో సమానమైన సమాచారాన్నే ఇస్తారు. అందుకే ఒకే బడిలో ఎక్కువమందిని తీసుకోవడం కంటే ఎక్కువ బడులకు వెళ్లి తక్కువమందిని తీసుకోవడం మేలు. మన ప్రధాన ప్రశ్నలో ఒకే బిడ్డ రెండు రకాల పదాలను చదువుతాడు కాబట్టి ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. ప్రభుత్వ బడులనూ ప్రైవేటు బడులనూ పోల్చాలనుకుంటే మాత్రం దీన్ని తప్పించుకోలేరు.

బడికి రాని పిల్లలను కూడా మరువకండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న అసర్ సర్వే బడిలో కాకుండా ఇళ్లకు వెళ్లి పిల్లల చేత చదివిస్తుంది. అలా చేస్తే గైర్హాజరైనవారూ బడి మానేసినవారూ లెక్కలోకి వస్తారు. మీరు బడికే వెళ్తున్నట్లయితే ఆ రోజు రాని పిల్లల కోసం మరొక రోజు తప్పక వెళ్లండి. తరచుగా బడి మానే పిల్లలను వదిలేస్తే ఫలితం ఉన్నదాని కంటే మెరుగ్గా కనిపించే ప్రమాదం ఉంది.

జిల్లా విద్యాశాఖాధికారి అనుమతి, ప్రధానోపాధ్యాయుల అంగీకారం, తల్లిదండ్రుల సమ్మతి ముందే తీసుకోండి. సమ్మతి పత్రం చదవలేని తల్లిదండ్రులకు దానిని చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పాలి. ఆ తరువాత బిడ్డను కూడా అడగాలి. ‘నాకు చదవాలని లేదు’ అని ఆ బిడ్డ అంటే అక్కడితో ఆపేయాలి, ఉపాధ్యాయుడు మందలించినా సరే. పిల్లల పేర్లకు బదులు సంకేత సంఖ్యలు వాడండి, రికార్డు చేసిన గొంతులను మీ పరిశోధన పర్యవేక్షకులకూ వాటిని విడిగా విని మార్కులు వేసే రెండో మూల్యాంకకులకూ తప్ప ఎవరికీ వినిపించకండి.

మార్కులు వేసే నియమాలను సేకరణకు ముందే రాసిపెట్టుకోవాలి. ‘వస్తున్నాడు’ అని అచ్చులో ఉన్నదాన్ని తెలంగాణ పల్లెలోని బిడ్డ ‘వస్తుండు’ అని చదివితే, లిపిని అర్థం చేసుకుని తన ఇంటి మాటలో పలికాడన్నమాట. శ స్థానంలో స పలికినా అంతే. ఇవి తప్పులు కావని నా అభిప్రాయం. మీరు వేరుగా అనుకుంటే కారణం రాయండి. నియమం మాత్రం పిల్లలందరికీ ఒక్కటే కావాలి. గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలుంటే ఇంటి భాషను తప్పక నమోదు చేయండి. కొన్ని రికార్డింగులను మరొకరి చేత కూడా విడిగా మూల్యాంకనం చేయించి, ఇద్దరి తీర్పులు ఎంతవరకు కలిశాయో కోహెన్ కప్పా అనే గణాంక కొలతతో చూడండి. యాదృచ్ఛికంగా కలిసిన భాగాన్ని అది తీసివేస్తుంది కనుక, ఉత్త శాతం కంటే అది నమ్మదగినది.

విశ్లేషణలో ప్రతి బిడ్డకూ రెండు మార్కులుంటాయి కాబట్టి, వాటి మధ్య తేడాను చూసే గణాంక పద్ధతి అయిన జతల టి-పరీక్ష సరిపోతుంది. కానీ సార్థకత (తేడా కేవలం యాదృచ్ఛికం కాదనే సూచన) 0.05 స్థాయిలో ఉందని రాసి ఊరుకోకండి. పది పదాలలో సగటున ఎన్ని పదాల తేడా వచ్చిందో మామూలు మాటల్లో చెప్పండి. తేడా రాకపోతే రాలేదనే రాయండి. అంకెలు చూశాక పరికల్పనను, అంటే ముందుగా వేసుకున్న అంచనాను, మార్చి రాయడం మోసమే అవుతుంది. ఇక ఈ అధ్యయనంలో ఉపాధ్యాయునికి అన్నిటికంటే పనికొచ్చేది తప్పుల వర్గీకరణ. ‘బస్తా’ను ‘బసా’ అని చదివిన బిడ్డ ఒత్తును చూడనే లేదు. ‘బస్సా’ అని చదివిన బిడ్డ ఒత్తును చూశాడు కానీ దానిని పై అక్షరానికే రెట్టింపుగా తీసుకున్నాడు. ‘బడి’ అన్న బిడ్డ మొదటి అక్షరం చూసి ఊహించాడు. ముగ్గురికీ సున్నాయే వస్తుంది, అయితే ముగ్గురికీ నేర్పవలసినవి వేరు. మొదటి బిడ్డకు అక్షరం కింద చూడడం, రెండో బిడ్డకు త ఒత్తు రూపం ల, స ఒత్తులకు ఎలా భిన్నమో గుర్తించడం, మూడో బిడ్డకు చివరి దాకా చదవడం అలవాటు చేయాలి.

కాలపట్టిక విషయానికి వస్తే, జూన్‌లో బడులు తెరిచిన వెంటనే వెళ్లకండి, ప్రవేశాల హడావిడి ఉంటుంది. దసరా, సంక్రాంతి సెలవులనూ సంగ్రహణాత్మక పరీక్షలనూ తీసేసి లెక్కవేసుకోండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. సాధనాన్ని సరిచూసుకునే ప్రయోగాత్మక సేకరణను దసరాకు ముందే ముగించి, అసలు సేకరణను నవంబరులో పెట్టుకోవచ్చు. మధ్యాహ్న భోజనానికి ముందు సమయం పిల్లలతో కూర్చోవడానికి అనువైనది.

వచ్చే వీడియో లోపు మూడో తరగతి తెలుగు వాచకం తీసుకుని, అందులో ఒత్తులున్న పదాలన్నిటినీ ద్విత్వాలు, సంయుక్తాలు అని రెండు నిలువు వరుసలలో రాయండి. ఒక్కొక్క పదం ఎదురుగా అది పిల్లలు ఇంట్లో వినే మాటో కాదో గుర్తు పెట్టండి. ఆ కాగితం నుంచే మన సాధనం మొదటి ముసాయిదాను తయారుచేద్దాం.