అడిగి తెలుసుకోండి: కారవాన్‌కి ఏ ఇన్సూరెన్స్ చేయించాలి?

(విశాఖపట్నం నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం. స్టూడియోలో అతిథి: మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన.)

యాంకర్: నమస్కారమండీ. చలి మొదలైతే చాలు, మన విశాఖ జనం అరకు, లంబసింగి దారి పడతారు. ఈమధ్య ఆ ఘాట్ రోడ్డు మీద మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్ అమర్చిన బళ్లు, అదే కారవాన్లు, కూడా కనబడుతున్నాయి. అలాంటి బండికి ఇన్సూరెన్స్ ఎలా చేయించాలన్నదే ఇవాళ్టి విషయం. గురువుగారూ, ఫోన్లు మొదలయ్యేలోపు ఒక్క మాట చెబుతారా?

సర్వేయర్: ప్రీమియం ఎంతని అడిగే ముందు సీ-బుక్ తీసి చూసుకోండమ్మా. అందులో రాసిన బండీ, మీ ఇంటి ముందు నిలబడిన బండీ ఒకటేనా కాదా? అది తేలకుండా ఏ పాలసీ తీసుకున్నా క్లెయిమ్ రోజున గొడవే.

యాంకర్: మొదటి కాల్ ఎంవీపీ కాలనీ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమమ్మా, సార్‌కి కూడా. నేను రిటైర్డ్ టీచర్ని. ట్రావెల్స్ వాళ్ల దగ్గర 2018 మోడల్ టెంపో ట్రావెలర్ కొన్నాను. సీట్లు తీయించి రెండు మంచాలు, ఫ్రిజ్, ఇన్వర్టర్, పైన సోలార్ ప్లేట్లు పెట్టించాం. గాజువాక ఆటోనగర్లో షెడ్డు వాళ్లు బాగా చేశారు. ఇప్పుడు ఫుల్ ఇన్సూరెన్స్ చేయించుకుంటే సరిపోతుందా, బంపర్ టు బంపర్ తీసుకోవాలా?

సర్వేయర్: మాస్టారూ, బండి ఎల్లో బోర్డేనా ఇంకా?

కాలర్: అవునండీ. మార్పించాలనుకుంటున్నాం.

సర్వేయర్: పని పూర్తయ్యాక చెబుతున్నారు కాబట్టి కొంచెం కష్టమే, అయినా దారుంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది. తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, అలా మార్పించిన ఓనరుకి ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు.

కాలర్: అమ్మో! జైలా?

సర్వేయర్: చట్టంలో ఉన్నది చెప్పానండీ, రేపే మిమ్మల్ని పట్టుకుపోతారని కాదు. మోటార్ కారవాన్ అంటే ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం మన దేశంలో ఉంది, ఏఐఎస్-124 అంటారు. షెడ్డు వాళ్లని గట్టిగా అడగండి: మీరు చేసిన పని ఆ ప్రమాణానికి సరిపోయిందా, దానికి ఆమోదం కాగితం ఉందా అని. ఉంటే అది పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు. సీ-బుక్కులో బాడీ రకం, సీట్ల సంఖ్య మారాలి. ట్రావెల్స్ పర్మిట్ సరెండర్ చేసి వైట్ బోర్డు తెచ్చుకోవాలి. ఇన్సూరెన్స్ మాట ఆ తర్వాతే.

కాలర్: కాగితం లేదంటే?

సర్వేయర్: లేదంటే ఆ మార్పు తీయించడమో, ఆమోదం ఉన్న వాళ్లతో మళ్లీ చేయించడమో తప్ప వేరే దారి నాకు కనబడదు. సీ-బుక్కులో ప్యాసింజర్ వ్యాన్, లోపల మంచం. నేను సర్వేకి వచ్చానంటే మొదటి ఫోటో ఆ మంచానికే తీస్తాను.

యాంకర్: (నవ్వు) మాస్టారు భయపడుతున్నారు సార్.

సర్వేయర్: భయపడాల్సింది కాదు, ముందు తెలియాల్సింది. సరే, సీ-బుక్ సరైపోయిందనుకుందాం. ఇప్పుడు ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే విలువ. కొత్త బండికి దీనికో పట్టిక ఉంది: ఆర్నెల్ల లోపు 5 శాతం తగ్గిస్తారు, ఏడాదికి 15, రెండేళ్లకి 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, ఐదేళ్లకి 50. మీది ఐదేళ్లు దాటింది కాబట్టి పట్టిక వర్తించదు. మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్న విలువే రాస్తారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ప్రీమియం నాలుగు వేలు తగ్గుతుందని ఏజెంటు ఐడీవీ కిందకి దింపుతాడు. మీరు లోపల పెట్టిన లక్షలు అందులో లెక్కకే రావు.

కాలర్: మంచాలూ అవీ అందులో కలవవా?

సర్వేయర్: మీరు రాయిస్తే కలుస్తాయి. బండికి బిగించిన చెక్క పని విలువ ఐడీవీకి కలిపించుకోవాలి. ఫ్రిజ్, ఇన్వర్టర్, సోలార్ లాంటి ఎలక్ట్రికల్ సామాను విడిగా చూపించాలి. పాత టారిఫ్ లెక్కలో దానికి ప్రీమియం నూటికి నాలుగు రూపాయలు. లక్ష రూపాయల సామానుకి నాలుగు వేలు. షెడ్డు బిల్లు ఒక్కటే ఉంటే చాలదు, ఏ వస్తువుకి ఎంతో విడివిడిగా రాయించుకోండి. ఫోటోలు తీసి ప్రపోజల్ ఫారంతో ఇచ్చేయండి. ఇక మీ బట్టలు, లాప్‌టాప్, గిన్నెలు మోటారు పాలసీలోకి రావు. సొంత వస్తువులకి యాడ్-ఆన్, అంటే అదనపు కవర్, కొన్ని కంపెనీలు ఇస్తాయి, దాని పరిమితి మాత్రం చూసుకోండి.

కాలర్: మరి బంపర్ టు బంపర్?

సర్వేయర్: బంపర్ టు బంపర్ అంటే జీరో డెప్రిసియేషన్, భాగాల ధరలో పాతదనానికి కోత లేకుండా ఇచ్చేది. చాలా కంపెనీలు ఐదేళ్లు దాటిన బండికి అది ఇవ్వవు. అది లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకీ టైర్లకీ బ్యాటరీకీ సగం ధర మీదే. ఫైబర్ గ్లాసుకి 30 శాతం కోత, అద్దాలకి కోత లేదు. కారవాన్‌లో ఫైబర్, ప్లాస్టిక్ ఎక్కువ కాబట్టి ఆ సగం బాగానే తెలుస్తుంది. గ్యాస్ ఏమైనా పెట్టారా లోపల?

కాలర్: ఇంట్లోదే ఒక సిలిండర్ ఉంటే...

సర్వేయర్: దించేయండి మాస్టారూ! పాలసీలో అగ్నిప్రమాదం, పేలుడు కవరవుతాయి, కాదనను. కానీ బండి తగలబడితే కంపెనీ నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఆ సిలిండర్ గురించే. ఇండక్షన్ పొయ్యి పెట్టుకోండి, ఇన్వర్టర్ ఎలాగూ ఉంది కదా. ఇంకొకటి. బండి మీ పేరు మీదకి మారిన 14 రోజుల్లోపు పాలసీని కూడా మీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మీకు రాదు, అది అతనిదే.

యాంకర్: థాంక్యూ మాస్టారూ. గాజువాక నుంచి ఇంకొకరు. చెప్పండి.

కాలర్: హలో మేడమ్. నాది కొత్త కారవాన్ అండి, వైట్ బోర్డు, పేపర్లన్నీ పెర్ఫెక్ట్‌గా ఉన్నాయి. మేం నెలకి ఒకట్రెండుసార్లే వాడతాం. మిగతా వీకెండ్స్‌లో అరకు వెళ్లేవాళ్లకి రెంట్‌కి ఇచ్చీద్దాం అనుకుంటన్నాం. ఉన్న పాలసీ చాలదా?

సర్వేయర్: చాలదు బాబూ. నీ పాలసీ కాగితం ముందుంటే "వాడకంపై పరిమితులు" అనే చోట చదువు. అద్దెకీ ప్రతిఫలానికీ వాడకూడదని రాసి ఉంటుంది. డీజిల్ డబ్బులే తీసుకున్నాననుకున్నా, రోజుకింతని తీసుకుంటే అది అద్దే.

కాలర్: ఎవడికి తెలుస్తాదండి? ఫ్రెండని చెప్పీమంటే సరి.

సర్వేయర్: నువ్వు చెబుతావు, ఘాట్‌లో తిరగబడిన బండిలో ఉన్న కుటుంబం చెబుతుందా? ఆన్‌లైన్లో నువ్వు పెట్టిన ప్రకటన, నీ ఫోన్‌కి వచ్చిన పేమెంటు సంగతేంటి? నా దగ్గరికి వచ్చిన కేసుల్లో అబద్ధం మొదట బయటపడేది పేమెంటు దగ్గరే. అప్పుడు నీ బండి నష్టం నీదే. గాయపడిన వాళ్లకి కోర్టు చెబితే కంపెనీ డబ్బు కట్టి, ఆ మొత్తం నీ దగ్గర వసూలు చేసుకునే అవకాశం కూడా ఉంది. ఎంత వస్తుందో చెప్పలేం, మరణం, గాయాల విషయంలో థర్డ్ పార్టీ బాధ్యతకి, అంటే ఇతరులకి కట్టాల్సిన పరిహారానికి, పరిమితి లేదు. ఆస్తి నష్టానికి మాత్రమే ఏడున్నర లక్షల దాకా.

కాలర్: అయితే ఏటి చేయాలండి?

సర్వేయర్: అద్దెకిచ్చేదే నిజమైతే బండిని ట్రాన్స్‌పోర్ట్ కింద మార్చు, పర్మిట్ తీసుకో, ఫిట్‌నెస్ చేయించు, కమర్షియల్ పాలసీ తీసుకో. ప్రీమియం పెరుగుతుంది. వీకెండ్ ఆదాయంలోంచి అది తీసేస్తే మిగిలేది ఎంతో ముందే లెక్కేసుకో. నా మటుకు, నెలకి నాలుగు బుకింగులు కూడా గ్యారంటీ లేనివాడు ఇందులో దిగకూడదంటాను.

కాలర్: అప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ వేరేది కావాలా?

సర్వేయర్: మంచి ప్రశ్న. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని మామూలు ఎల్ఎంవీ, అంటే కారు లాంటి తేలికపాటి బళ్ల లైసెన్సుతో నడపవచ్చు. నీ బండి బరువు సీ-బుక్కులో చూసుకో.

యాంకర్: ఇప్పుడు భీమిలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. మా బండి బీచ్‌కి దగ్గరలోనే పెడతాం. తుఫాను వస్తే పాలసీ పనికొస్తుందా? హుద్‌హుద్‌కి మా పాత కారు మీద చెట్టు పడింది, అప్పుడు థర్డ్ పార్టీయే ఉండింది. పైసా రాలేదు.

సర్వేయర్: 2014 అక్టోబరు 12. ఆ తర్వాత నెలల తరబడి చెట్ల కింద నలిగిన బళ్లే చూశాం తల్లీ. థర్డ్ పార్టీలో మీ బండికి ఏమీ రాదు. ప్యాకేజ్ పాలసీలో, అదే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేదాంట్లో, తుఫాను, వరద, పిడుగు, భూకంపం, దొంగతనం అన్నీ పేరుపెట్టి రాసి ఉంటాయి. కొండచరియలు విరిగిపడటం కూడా ఉంది, మన అనంతగిరి ఘాట్ వైపు తిరిగే వాళ్లకి అది ముఖ్యం.

కాలర్: నీళ్లలో మునిగితే ఇంజిన్ కూడా ఇస్తారా?

సర్వేయర్: అది వేరే సంగతి. బండి మునగడం వరద నష్టం. మునిగిన బండిని మీరు స్టార్ట్ చేస్తే నీళ్లు లోపలికి లాగి ఇంజిన్ పట్టేస్తుంది. దాన్ని తర్వాత వచ్చిన నష్టమని తోసేస్తారు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకోండి, బీచ్ పక్క వాళ్లకి నేను ఖచ్చితంగా చెప్పేది అదొక్కటే. అది ఉన్నా తాళం తిప్పకండి. బ్యాటరీ వైరు తీసేసి, నీళ్లు ఎంతదాకా వచ్చాయో కనబడేలా ఫోటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్‌లో షెడ్డుకి పంపండి.

కాలర్: ఉప్పు గాలికి కింద తుప్పు పట్టేస్తోంది, దానికి?

సర్వేయర్: రాదు. అరుగుదల, తుప్పు ఎందులోనూ ఉండవు. అండర్ బాడీ కోటింగ్ వేయించుకోండి.

యాంకర్: మర్రిపాలెం నుంచి కాల్. త్వరగా అడగండి, లైన్లో ఇంకా ఉన్నారు.

కాలర్: పాలసీ అయిపోయి నాలుగు నెలలైందండి. బండి షెడ్డులోనే ఉంది, రోడ్డెక్కలేదు.

సర్వేయర్: 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా ఉండేది, మళ్లీ సున్నా నుంచి మొదలు. కంపెనీ వాళ్లు బండి చూసి ఫోటోలు తీసుకున్నాకే కొత్త పాలసీ ఇస్తారు. అంతవరకు రోడ్డెక్కించకండి. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000. జైలు కూడా ఉంది, మూడు నెలల దాకా.

యాంకర్: సీతమ్మధార నుంచి అమ్మగారు.

కాలర్: బాబూ, మా అబ్బాయిది హైదరాబాదు. అదే బండికి వాడికి ఎక్కువ ప్రీమియం చెప్పారట. మాకు మోసమా, వాడికి మోసమా?

సర్వేయర్: ఎవరికీ కాదమ్మా. ప్రైవేటు బళ్లకి దేశాన్ని రెండు జోన్లు చేశారు. హైదరాబాద్ ఏ జోన్, మన విశాఖ బీ జోన్. రిజిస్ట్రేషన్ ఎక్కడైతే ఆ జోనే.

కాలర్: అయితే ఇక్కడే రిజిస్ట్రేషన్ చేయించమంటాను వాణ్ణి.

సర్వేయర్: (నవ్వు) బండి ఉండేది అక్కడైతే అలా చేయకూడదమ్మా.

యాంకర్: చివరి కాల్, పెందుర్తి నుంచి.

కాలర్: సార్, మాది కారుకి తగిలించి లాక్కెళ్లే ట్రైలర్ కారవాన్. కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. దానికి వేరే కావాలా? పిల్లలు వెనకాలే కూర్చుంటామని గోల.

సర్వేయర్: ట్రైలర్ విడిగా బండి కిందే లెక్క. దానికి రిజిస్ట్రేషన్ వేరు, ఇన్సూరెన్స్ వేరు. కారు పాలసీ వాళ్లకి ట్రైలర్ లాగుతున్నానని రాతపూర్వకంగా చెప్పండి. పిల్లల్ని మాత్రం నడిచే ట్రైలర్లో కూర్చోబెట్టకండి, దానికి ఏ పాలసీ సరిపోదు.

కాలర్: కారులో కూర్చుంటే వాళ్లకి కవర్ ఉంటుందా?

సర్వేయర్: ప్యాకేజ్ పాలసీలో కారులో కూర్చున్న వాళ్ల విషయంలో బాధ్యత కంపెనీదే. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే ప్రైవేటు కారులో ఊరికే కూర్చున్న వాళ్లకి అది వర్తించదు. ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి, అది నడిపే ఓనరుకే, ఇంటిల్లిపాదికీ కాదు. పిల్లలకీ ఇంటావిడకీ ప్యాసింజర్ పీఏ, అంటే ప్రయాణికుల వ్యక్తిగత ప్రమాద బీమా, అని విడిగా తీసుకోవచ్చు, ఒక్కొక్కరికి రెండు లక్షల దాకా. పెద్ద ఖర్చేం కాదు.

కాలర్: కంపెనీ వాళ్లు క్లెయిమ్ కాదంటే ఎక్కడికెళ్లాలి సార్?

సర్వేయర్: ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఎందుకు కాదంటున్నారో ఏ షరతు కిందో కాగితం మీద అడగండి, ఫోన్లో చెప్పింది వదిలేయండి. జవాబు నచ్చకపోతే బీమా కంపెనీల మీద నియంత్రణ ఉన్న సంస్థ ఐఆర్‌డీఏఐ, వాళ్ల ఫిర్యాదుల వేదిక బీమా భరోసా, ఫోన్ నంబరు 155255. ఆపైన ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా తగాదాలు తీర్చే అధికారి, ఆఫీసు హైదరాబాదులో ఉంది, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.