‘మామూలు నొప్పి మాత్రే కదండీ!’

అందరికీ నమస్కారం.

వారాల తరబడి విరేచనాలు అవుతున్నాయని, అప్పుడప్పుడు నెత్తురు కూడా పడుతోందని వచ్చినవారిని ‘మందులేమైనా వాడుతున్నారా?’ అని అడుగుతాం. ‘ఏమీ లేవండి’ అంటారు. ‘మోకాళ్ల నొప్పికో, నడుము నొప్పికో?’ అని మళ్లీ అడిగితే, ‘వాడతాను, అది మామూలు నొప్పి మాత్రే కదండీ’ అంటారు. ఈరోజు నేను మాట్లాడేది ఆ మాత్ర గురించే.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్. ఇవన్నీ ఒకే కోవ మందులు. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా అడ్డుపడతాయి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. వాపునూ నొప్పినీ పెంచేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. పేగు లోపలి పొరకు రక్తం సరిగా అందేలా చూసి కాపాడేవీ అవే. చిక్కంతా అక్కడే ఉంది.

వీటితో జీర్ణాశయంలో పుండ్లు పడతాయని చాలామందికి తెలుసు. అందుకే తోడుగా గ్యాస్ మాత్ర వేసుకుని ధీమాగా ఉంటారు. కానీ ఆ మాత్ర జీర్ణాశయాన్ని, దాని పక్కనున్న చిన్నపేగు మొదటి భాగాన్నే కాపాడుతుంది. పెద్దపేగుకు దానివల్ల రక్షణ లేదు. పైపూత వేసిన మాత్రలు, నెమ్మదిగా మందు వదిలే మాత్రలు కిందికి వెళ్లాక కరుగుతాయి కనుక దెబ్బ కూడా అక్కడే తగలవచ్చు.

కొలనోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షలో, ఈ మందులవల్ల పడిన పుండ్లు తరచుగా కుడివైపు, పెద్దపేగు మొదట్లో కనిపిస్తాయి. చుట్టూ పేగు గులాబీ రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. మధ్యలో గీత గీసినట్టు అంచుతో పుండు. ఏళ్ల తరబడి వాడినవారిలో, అరుదుగా, పుండ్లు మానిన చోట పలుచని పొర అడ్డంగా ఏర్పడి నడుమ చిన్న రంధ్రమే మిగులుతుంది. మరికొందరిలో కంటికి ఏ తేడా కనిపించదు. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే వాపు బయటపడుతుంది. విరేచనాలు ఆగని మనిషిని, ముక్క తీయకుండానే ‘పేగు బాగుంది’ అని పంపేయడం తప్పని నా అభిప్రాయం.

కారణం పట్టుకుంటే, చాలామందికి మందు ఆపడంతోనే నయమవుతుంది. పట్టుకోకపోతే, దాన్ని మరో పేగు జబ్బుగా పొరబడి, లేని జబ్బుకు మందులు మింగిస్తాం. నన్ను బాధపెట్టేది ఇదే.

గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న నొప్పి మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి, ఖాళీవైనా సరే.