తెమడ డబ్బా ముందు, గుళికల సీసా తర్వాత

(ఏప్రిల్ 10న తిరుపతిలో హోమియో దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో ఉన్న విద్యార్థులకు నమస్కారం. హోమియో వైద్యానికి ఆద్యుడైన హానిమన్ పుట్టినరోజున నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

ఆహ్వాన పత్రికలో 'క్షయ - హోమియో చికిత్స' అని వేశారు. క్షయ గురించి చెబుతాను. రెండో సగం మీరు అనుకున్నట్టు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో చెప్పడానికే వచ్చాను.

మనకు ఈ జబ్బు కొత్త కాదు. మదనపల్లె చిత్తూరు జిల్లాలో ఉన్న కాలంలో, 1915లో, ఆ ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలిసింది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. అప్పటికి మందు లేదు. పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే. తర్వాత స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉంటూ మందులు మింగినవారు కూడా శానిటోరియంలో ఉండి అవే మందులు మింగినవారితో దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. జబ్బు నయం చేసింది గాలి కాదు, మందు.

ఇప్పుడు నా మాట. 1997లో పుత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి కూతురిని తీసుకువచ్చాడు. నెలగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం, రాత్రిళ్లు చెమటలు. పెళ్లి కుదిరింది. "అయ్యా, పెద్దాసుపత్రికి పోతే ఊరంతా తెలుస్తుంది. మీ దగ్గరైతే ఎవరూ అడగరు" అన్నాడు. నేను బాసిలినం అనే హోమియో మందు ఇచ్చాను. రెండు వారాలకు జ్వరం తగ్గిందన్నారు. నమ్మాను. ఈ జబ్బులో జ్వరం తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఆ సంగతి చదివీ నమ్మాను. నాలుగు నెలలు నా దగ్గరే ఉంచుకున్నాను. రక్తం పడ్డాక పంపాను.

ఆమె బతికింది. ఆమె పక్కలో పడుకునే అక్క కొడుకు, మూడేళ్ల వాడు, దక్కలేదు. మెదడు పొరలకు సోకింది.

విద్యార్థులారా, ఒక్క క్షణం రాయడం ఆపి వినండి. ఆ తండ్రి నా మందు కోసం రాలేదు. జబ్బు పేరు దాచుకోవడానికి వచ్చాడు. మన దగ్గరకు ఈ జబ్బుతో వచ్చేవారిలో ఎంతోమంది అలాగే వస్తారు. మనం ఓపికగా వింటాం, తియ్యటి గుళికలు ఇస్తాం, పేరు పలకం. ఆ దాపరికంలో క్రిమి ఇంటిల్లిపాదికీ పాకుతుంది.

రాబర్ట్ కోక్ ఆ క్రిమిని 1882లో చూపించారు. హానిమన్ 1843లోనే కన్నుమూశారు. ఆయన చూడని శత్రువు మీదికి ఆయన పేరుతో యుద్ధానికి వెళ్లడం ఆయనకు గౌరవం కాదు. కోక్ అంతటివాడే 1890లో ఆ క్రిమి నుంచి తీసిన ట్యుబర్కులిన్‌తో క్షయ నయమవుతుందని ప్రకటించి పొరబడ్డారు. అది చివరికి పరీక్షకే పనికివచ్చింది. మన గుళికలతో క్షయ నయమవుతుందన్న నిరూపణ లేదు. క్షయకు హోమియో వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది.

మామూలు క్షయకు మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆపై నాలుగు నెలలు మూడు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తుంది. మూత్రం నారింజ రంగులోకి మారితే ఇంట్లోవారు బెదిరి మందు మాన్పిస్తారు. అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు, భయం లేదని మొదటి రోజే చెప్పండి. నెల తిరిగేసరికి ఆకలి వేస్తుంది, ఒళ్లు వస్తుంది, ఇక చాలనుకుంటారు. అక్కడ ఆపితే మందుకు లొంగని క్షయ తయారవుతుంది. మానవద్దని చెప్పే గొంతు మీదే కావాలి. వారు మీ మాట వింటారు, నాకు తెలుసు.

రెండు వారాలు దాటిన దగ్గుతో ఎవరు వచ్చినా గుళికల సీసా తెరవకండి. తెమడ పరీక్షకు పంపండి. తలుపు దగ్గర బల్ల మీద మూత గట్టిగా ఉన్న డబ్బాలు పెట్టించాను. వెళ్లేటప్పుడు తలా నాలుగు తీసుకోండి.