బోర్యే సాల్మింగ్: బెదిరింపులకు లొంగని ఆట

సభకు నమస్కారం.

స్వీడన్ ఐస్ హాకీ ఆటగాడు బోర్యే సాల్మింగ్ గొప్పతనాన్ని గోల్స్ లెక్కతో తూచడం ఆయనకు అన్యాయం చేయడమేనని నా నమ్మకం. ఆయన కంటే ముందు ఒకరిద్దరు స్వీడన్ నుంచి ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లినా, అక్కడ నిలదొక్కుకుని అగ్రశ్రేణికి చేరిన తొలి స్వీడన్ ఆటగాడు ఆయనే.

1951లో ఉత్తర స్వీడన్‌లోని కిరునా ఇనుప గనుల ప్రాంతంలో పుట్టారు. ఉత్తర స్కాండినేవియా ఆదివాసులైన సామీ జాతికి చెందిన తండ్రి గని ప్రమాదంలో చనిపోయేనాటికి ఈయనకు అయిదేళ్లు. బ్రూనెస్ జట్టుతో 1971, 1972లలో జాతీయ విజేతగా నిలిచి, 1973లో ఎన్‌హెచ్‌ఎల్‌లోని కెనడా జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్‌లో చేరారు.

యూరప్ వాళ్లు పిరికివాళ్లని, నాలుగు దెబ్బలు తగిలితే ఇంటిదారి పడతారని అప్పట్లో అక్కడ బలమైన అభిప్రాయం ఉండేది. ప్రత్యర్థులు ఆయనను కర్రలతో కొట్టారు, చెక్కగోడకు అదిమారు, నోటికొచ్చినట్టు ఎగతాళి చేశారు. ఆయన మాత్రం తన ఆటతోనే బదులిచ్చారు. బంతికి బదులు వాడే సుమారు 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల, అంటే పక్, గోల్ వైపు దూసుకొస్తుంటే, దానికి అడ్డంగా మంచు మీద ఒళ్లు పరిచేసేవారు. మరుక్షణమే లేచి, పక్‌ను తానే ముందుకు తీసుకెళ్లి సహచరుడికి అందించేవారు. డిఫెన్స్ ఆటగాడిలో ఈ రెండూ ఇంతగా కలిసి ఉండటం అరుదు.

1976 కెనడా కప్‌లో ఆయన స్వీడన్ తరఫున బరిలోకి దిగినప్పుడు, టొరంటో ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పరాయి దేశపు జెర్సీలో ఉన్నవాడికి ఆ ఊరు అంత గౌరవం ఇవ్వడం, నా దృష్టిలో, ఏ పతకానికీ తీసిపోదు.

1986లో గోల్ ముందు కిందపడినప్పుడు మరో ఆటగాడి స్కేట్ అంచు ఆయన ముఖాన్ని చీల్చింది. 200కు పైగా కుట్లు పడ్డాయి. అయినా ఆట మానలేదు. టొరంటోలో 16 సీజన్లు, డెట్రాయిట్‌లో ఒకటి, మొత్తం 1,148 మ్యాచ్‌లు ఆడి 150 గోల్స్ చేశారు, 637 గోల్స్‌కు పక్ అందించారు. 1996లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి స్వీడన్ ఆటగాడయ్యారు.

2022లో, కండరాలను చచ్చుబరిచే ఏఎల్‌ఎస్ వ్యాధితో మాట పడిపోయిన స్థితిలో, నవంబరులో ఆయన టొరంటోకు వచ్చారు. పాత సహచరుడు డారిల్ సిట్లర్ కన్నీళ్లతో ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తి, ప్రేక్షకులకు అభివాదం చేయించారు. మరునాటి మ్యాచ్‌ను లీఫ్స్ జట్టు కేవలం స్వీడన్ ఆటగాళ్లతోనే మొదలుపెట్టింది. ఆ నెల 24న సాల్మింగ్ కన్నుమూశారు.