థ్రెడ్ ఎక్కితే సరిపోదు: కారుకి ఆయిల్ ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలి

నమస్కారం అండీ. ఈ బల్ల మీద మూడు ఆయిల్ ఫిల్టర్లు, అంటే ఇంజిన్ ఆయిల్‌లోని మురికిని వడకట్టేవి, ఉన్నాయి, చూడండి. మూడూ విజయవాడ ఆటోనగర్‌లోనే కొన్నాను. మూడూ నా పెట్రోల్ స్విఫ్ట్‌కి ఎక్కుతాయి. ఇది మారుతి జెన్యూన్. ఇది బయట దొరికే పేరున్న కంపెనీది. ఈ మూడోది మాత్రం "అదీ ఇదీ ఒకటే సార్, రేటే తక్కువ" అని కొట్టతను చేతిలో పెట్టాడు. దీనికి పేరు లేదు, అట్టపెట్టె లేదు, ఉత్త ప్లాస్టిక్ కవరు. పైకి చూస్తే ముగ్గురూ అక్కచెల్లెళ్లలా ఉన్నారు. అందుకే కోసి చూద్దాం.

కోయడానికి నేను ఫిల్టర్ కట్టర్ వాడుతున్నాను, హాక్సా కాదు. హాక్సాతో కోస్తే ఇనప రజను లోపల పడుతుంది. కొత్త ఫిల్టర్ అయితే పర్వాలేదు. వాడేసిన ఫిల్టర్ కోసి ఇంజిన్ అరుగుతోందేమో అని వెతికేటప్పుడు మాత్రం, ఏది ఇంజిన్‌దో ఏది బ్లేడ్‌దో తెలియక లేనిపోని టెన్షన్.

ముందు ఆయిల్ ఎటు పోతుందో చూడండి. అంచు చుట్టూ ఉన్న ఈ చిన్న బెజ్జాల్లోంచి లోపలికి వస్తుంది. మడతల కాగితం దాటి, మధ్యలో ఈ థ్రెడ్, అంటే మర చుట్లు, ఉన్న పెద్ద రంధ్రంలోంచి ఇంజిన్‌లోకి వెళ్తుంది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

సరే, కాగితం బయటికి తీశాను. మొదటి రెండింటిలో మడతలు సమానంగా ఉన్నాయి, అతుకు గట్టిగా ఉంది. మూడోదాన్ని దగ్గరగా చూపిస్తా. మడతలు ఒకచోట గుంపుగా, ఇంకోచోట పల్చగా ఉన్నాయి. ఇదిగో, ఈ అతుకు దగ్గర నా గోరు దూరుతోంది. గోరు దూరేంత సందు ఉంటే ఆయిల్ కాగితంలోంచి ఎందుకు పోతుందండీ? అట్నుంచే జారుకుంటుంది. మడతలు లెక్కపెట్టి మాత్రం తీర్పు చెప్పకండి. మడత లోతు తక్కువైతే ఎన్ని ఉన్నా ఒకటే. విప్పి పరిస్తే మొత్తం కాగితం ఎంత అన్నదే లెక్క. అలాగే కాగితానికి పైనా కిందా రేకు బదులు అట్ట ఉందని తీసిపారేయకండి. సరిగ్గా అతికిస్తే అట్ట కూడా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. బెజ్జాల కింద ఈ రబ్బరు ఉంది చూశారా? దీన్ని యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వ్ అంటారు. బండి ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపుతుంది. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఇంజిన్లలో దీని అవసరం మరీ ఎక్కువ. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు కటకటమని చప్పుడు చేసి ఆగిపోతోందంటే, మెకానిక్ ఇంజిన్ విప్పుదాం అనేలోపు ఫిల్టర్ మార్చి చూడండి. ఈ రబ్బరు ఎక్కువగా నల్లటి నైట్రైల్‌తో చేస్తారు. వేడికి అది మెల్లగా గట్టిపడుతుంది. సిలికాన్ అయితే మెత్తదనం ఎక్కువకాలం నిలుస్తుంది, మామూలుగా నారింజ రంగులో వస్తుంది. కానీ రంగు చూసి మోసపోవద్దు, రబ్బరుకి ఏ రంగైనా వేయొచ్చు. కొట్లోనే రీఫిల్ మొనతో బెజ్జంలోంచి మెల్లగా నొక్కండి. మెత్తగా దిగి, మళ్లీ యథాస్థానానికి రావాలి. ఈ మూడోది కొత్తదైనా అప్పడంలా బిరుసుగా ఉంది.

ఇక ఈ స్ప్రింగు బైపాస్ వాల్వ్‌ది. కాగితం మురికితో పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడి కాగితం దాటలేకపోయినా, ఈ వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌ని వడకట్టకుండానే పంపుతుంది. మురికి ఆయిలైనా నయం, అసలు అందకపోతే బేరింగులు పట్టేస్తాయి. ఇది ఎంత ప్రెషర్‌కి తెరుచుకోవాలన్నది అన్ని ఇంజిన్లకీ ఒకటి కాదు. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వ్ ఇంజిన్ బ్లాక్‌లోనే ఉంటుంది, ఫిల్టర్‌లో ఉండదు. 20 మిల్లీమీటర్ల థ్రెడ్ బోలెడు కార్లకి ఉంటుంది కాబట్టి వేరే బండి ఫిల్టర్ కూడా మీదానికి హాయిగా ఎక్కేస్తుంది. ఎక్కడం వేరు, సరిపోవడం వేరు. ఈ మూడోదాని స్ప్రింగుని చిటికెన వేలితో నొక్కితే తెరుచుకుంటోంది. అంటే అవసరం లేనప్పుడు కూడా తెరుచుకుని, ఆయిల్‌ని వడకట్టకుండానే పంపేయొచ్చన్నమాట.

డబ్బా మీద మురికిని "99 శాతం" ఆపుతుందని ఉంటే, ఎన్ని మైక్రాన్ల సైజు రేణువుల దగ్గర అని అడగండి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 20 మైక్రాన్ల దగ్గర 99 శాతం అంటే మంచి ఫిల్టరే. మైక్రాన్ రాయకుండా ఉత్త శాతం రాస్తే అది ప్రకటన, అంతే. ఐఎస్ఓ 4548-12 అని ఉంటే అది ఈ వడపోతని కొలిచే పరీక్ష పేరు.

మరి ఏది కొనాలి? నా మట్టుకు నేను మాన్యువల్‌లో చెప్పినట్టు 10,000 కిలోమీటర్లకో ఏడాదికో మార్చేసే మామూలు కారుకి కారు కంపెనీ ఫిల్టరే వేస్తాను. అది దొరక్కపోతే బాష్, ప్యూరోలేటర్, మాలే, ఎలోఫిక్ లాంటివాటిలో, బండి మోడల్, సంవత్సరం, ఇంజిన్ చెప్పి పార్ట్ నంబర్ సరిచూసుకుని తీసుకుంటాను. కాగితం బదులు కృత్రిమ నార వాడే ఖరీదైన సింథటిక్ మీడియా ఫిల్టర్లు ఆయిల్‌ని ఎక్కువ దూరం నడిపేవాళ్లకి. మనం త్వరగా మార్చేస్తూ దానికి డబ్బు పోయడం దండగ. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, హాలోగ్రామ్ చూసుకోండి. పేరున్న కంపెనీలకే డూప్లికేట్లు కూడా వస్తాయి.

పాత స్విఫ్ట్ డీజిల్ వాళ్లకి ఇలా మొత్తం రేకు డబ్బా మార్చే పని ఉండదు, లోపలి ఎలిమెంట్, అంటే మడతల కాగితం భాగం, ఒక్కటే మారుస్తారు. దాంతో వచ్చే ఓ-రింగ్ (రబ్బరు రింగు) కూడా తప్పకుండా మార్చించండి. స్ప్లెండర్‌కి ఏ ఫిల్టర్ మంచిదని అడుగుతుంటారు. దానికి కాగితం ఫిల్టరే లేదండీ! జల్లెడా, మురికిని గిరగిరా తిప్పి అంచుకి విసిరే చక్రమూ ఉంటాయి. వాటిని శుభ్రం చేయించడమే.

బిగించేటప్పుడు ఒక్కటి. నేను మొదటిసారి సొంతంగా మార్చినప్పుడు పాత ఫిల్టర్ రబ్బర్ రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది. చూసుకోలేదు. దాని మీదే కొత్తది బిగించాను. వీధి చివరికి వెళ్లేసరికి వెనకాల రోడ్డు మీద నల్లటి గీత! అదృష్టం బావుండి వెనకొచ్చే ఆటో ఆయన హారన్ కొట్టాడు. కాబట్టి ముందు గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాయండి. రింగు తాకేదాకా చేత్తో తిప్పి, అక్కణ్నుంచి ముప్పావు చుట్టు. రెంచ్ వద్దు.

కోయని కొత్త ఫిల్టర్ ఇలాగే బిగించాను. స్టార్ట్ చేస్తున్నా... ఆయిల్ లైటు ఆరింది. కింద టార్చి వేసి చూస్తే తడి లేదు. ఇప్పుడు ఆపేసి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తాను. ఫిల్టర్ నింపుకున్న ఆయిల్ మేరకు మట్టం కొంచెం తగ్గుతుంది, అంతవరకే పోయాలి. ఈలోగా మార్కర్ ఇలా ఇవ్వండి, ఫిల్టర్ మీద ఇవాళ్టి తేదీ, కిలోమీటర్లు రాసేస్తా.