జపాన్‌లో పది రోజులకు అద్దె ఫోను

శ్రోతలందరికీ నమస్కారం. ఆఫీసు పని మీదో, అక్కడున్న పిల్లల దగ్గరికో పది రోజులు జపాన్ వెళ్తున్నవారి కోసం ఈ నాలుగు మాటలు.

జపాన్‌లో ఫోను అద్దెకు తీసుకోవడం పాత అలవాటే. మన దగ్గర మొదట్లో వచ్చిన జీఎస్ఎం అనే సెల్‌ఫోను పద్ధతి అక్కడ లేదు. మన పాత ఫోను అక్కడ దిగగానే మూగబోయేది. ఇప్పటి 4జీ ఫోన్లకు ఆ ఇబ్బంది దాదాపు లేదు. అయినా నరిటా, హనేడా, కన్సాయ్ విమానాశ్రయాల్లో అద్దె కౌంటర్లు ఇంకా నడుస్తున్నాయి. పర్యాటకులకు అమ్మే సిమ్ముల్లో చాలావాటికి నెట్ ఉంటుంది గానీ, మాట్లాడటానికి నంబరు ఉండదు మరి.

అందుకని ఇంటి దగ్గరే తేల్చుకోండి, మీకు కావలసింది నంబరా, నెట్టా?

మ్యాపు చూసుకోవడానికి, ఇంటివాళ్ళతో వాట్సాప్‌లో మాట్లాడటానికి అయితే పాకెట్ వైఫై చాలు. అరచేతిలో ఇమిడే పెట్టె, నలుగురి ఫోన్లూ దానికే కలుపుకోవచ్చు. అయితే పెట్టె ఎవరి సంచిలో ఉంటే నెట్ వాళ్ళ చుట్టూనే. టోక్యోలోని షింజుకు స్టేషన్‌కు 200కు పైగా ద్వారాలున్నాయి. అక్కడ విడిపోయిన మనిషికి నెట్ లేకపోతే మిగతావాళ్ళను కలుసుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. వేర్వేరుగా తిరిగేవాళ్ళయితే రెండు పెట్టెలు తీసుకోవడమే మేలు. పొద్దున తీసుకెళ్ళిన పెట్టె చార్జింగు చాలాసార్లు సాయంత్రం దాకా నిలవదు, పవర్‌బ్యాంకు దగ్గరుంచుకోండి. విమానంలో దాన్ని చేతి సంచిలోనే పెట్టాలి, లగేజీలో వేయనివ్వరు.

హోటలుకో డాక్టరుకో నేరుగా ఫోన్ చేయాల్సిన పని ఉంటే నంబరున్న అద్దె ఫోనే తీసుకోవాలి. దానికి పాస్‌పోర్టు చూపించాలి, మామూలుగా క్రెడిట్ కార్డు కూడా అడుగుతారు. మనకు వచ్చే కాల్స్‌కు డబ్బు పడదు. మనం చేసే కాల్స్‌కు నిమిషాల లెక్కన అద్దె మీద అదనంగా పడుతుంది, ఇండియాకు చేస్తే బాగా ఎక్కువ. ఆపదలో పోలీసులకు 110, అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119. మన 112కు అలవాటుపడ్డవాళ్ళు ఈ రెండూ ఓ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోవాలి.

అద్దె ఫోను ఉంది కదా అని మన సిమ్ము తీసి పక్కన పెట్టేయకండి. బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. బయలుదేరేముందే రోమింగ్ సేవ ఆన్ చేయించుకుని, డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. మన వాట్సాప్‌ను అద్దె నంబరుకు మార్చుకోవద్దు. మనం వచ్చేశాక ఆ నంబరు ఇంకొకరి చేతికి వెళ్తుంది.

చార్జరు సంగతీ చూసుకోవాలి. జపాన్ కరెంటు 100 వోల్టులు, ప్లగ్గు రెండు బద్ద పిన్నులది. మన గుండ్రటి పిన్ను అందులో దూరదు. మన చార్జరు మీద 100–240 అని రాసి ఉంటే అడాప్టరు ఒక్కటే కొనుక్కుంటే సరిపోతుంది.

ఎక్కువమంది నష్టపోయేది తిరిగి ఇచ్చేటప్పుడే. అద్దె సాధారణంగా రోజుల లెక్కన ఉంటుంది. రాత్రి పదకొండుకు తీసుకున్నా ఆ రోజు మొత్తం లెక్కలోకి వస్తుంది, ఇచ్చిన రోజు కూడా అంతే. కౌంటరు సాధారణంగా సెక్యూరిటీకి ఇవతలే ఉంటుంది. తనిఖీ దాటి లోపలికి వెళ్ళాక గుర్తొచ్చిందంటే వెనక్కి రావడం కష్టం. తెల్లవారుజాము విమానమైతే అప్పటికి కౌంటరు తెరిచి ఉంటుందో లేదో ముందే అడగండి. కొందరు తపాలా ఖర్చు కట్టిన కవరు ఇస్తారు. అందులో పెట్టి పోస్టుడబ్బాలో వేస్తే సరి.

కవరు మూసేముందు ఫోను, చార్జరు, వైరు, సంచి అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క వైరు తగ్గినా విడిగా కట్టమంటారు. ఫోటోలు మీ ఫోనుకు పంపుకుని, ఈమెయిలు నుంచి బయటికొచ్చి, సెట్టింగుల్లోకి వెళ్ళి ఫోనులో ఉన్నదంతా తుడిచేసి, అప్పుడు అప్పగించండి.